లైట్‌హౌస్ దగ్గర దిగిన పిన్ని

మా ఊరిని నాకు వేరేవాళ్ళు చూపించడమేమిటని మొదటి నుంచీ నాకు ఒళ్ళు మంటే. పుట్టింది సౌకార్‌పేటలో, కాపురం పురసవాక్కంలో. యాభై ఆరేళ్ళుగా ఈ ఎండా నాదే, ఈ చెమటా నాదే. అలాంటిదాన్ని ఎగ్మూరు స్టేషను ముందు నిలబెట్టి, ఆస్పత్రిలో కట్టినట్టు చేతికి కాగితం పట్టీ కట్టి, వెల్‌కమ్ టు చెన్నై అంటే మండదా మరి.

ఆ బండి పేరు ట్రాలీ. పేరు పెట్టినవాడెవడో గానీ, మాకు తెలిసిన ట్రాలీ అంటే స్టేషన్లో పెట్టెలు తోసుకుపోయేది. ఇది మామూలు బస్సుకే ఎర్రరంగు పూసి, కిటికీ అద్దాలు పీకేసి, చెక్క బెంచీలు వేసి, డ్రైవరు నెత్తిన ఒక ఇత్తడి గంట వేలాడదీసిన సరుకు. రోజంతటికీ ఒకటే టికెట్టు. ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు, చూడాల్సింది చూసుకుని వెనకాల వచ్చే బండి ఎక్కొచ్చు. నలభై నిమిషాలకొక బండి. ఎగ్మూరులో బయలుదేరి మ్యూజియం, కోట, మెరీనాలో లైట్‌హౌస్, శాంథోమ్ చర్చి, మైలాపూరు మాడవీధి, అట్నుంచి మళ్ళీ ఎగ్మూరు. గానుగెద్దులా అదే చుట్టు.

ఎందుకెక్కావమ్మా అంటే, మా పిన్ని కోసం.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. పుట్టింది మద్రాసులోనే, పెళ్ళయ్యాక గూడూరులో ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. అమ్మ వైపున మిగిలిన పెద్దదిక్కు ఆమె ఒక్కతే. పక్కింటావిడ ఎవరో మద్రాసు వచ్చి ఈ గంటబండి ఎక్కి వెళ్ళి వారం రోజులు దాని గురించే చెప్పిందట. పిన్నికి పట్టుకుంది. నాకు ఫోను చేసింది.

"ఆ బండి ఎక్కాలమ్మే నేను. మీ అక్కను గూడా రమ్మన్నా. ఇద్దరూ వస్తేనే నేనొచ్చేది. ఒకతే వచ్చేటట్టుంటే ఇప్పుడే చెప్పు, గూడూర్లోనే కుచ్చుంటా."

మా అక్కకూ నాకూ మాటల్లేవు. ఎనిమిదేళ్ళయింది. అమ్మ ఆఖరి నాలుగు నెలలూ మైలాపూరులో అక్క ఇంట్లో ఉంది. ఒకరోజు పొద్దున ఆరు గంటలకు పోయింది. నాకు ఫోను వచ్చింది తొమ్మిదిన్నరకు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి, కొత్తచీర కట్టి, పసుపు రాసి, బొట్టుపెట్టి పడుకోబెట్టారు. అమ్మ ఒంట్లో వెచ్చదనం ఉన్నప్పుడు నేను తాకలేదు. మూడున్నర గంటలు అక్క ఏం చేస్తూ కూర్చుందో ఆ రోజు అడిగాను. నలుగురి ముందూ అరిచి మరీ అడిగాను. అక్క జవాబు చెప్పలేదు. దినాలన్నీ అయ్యాక ఆ ఇంటి గడప దిగాను, మళ్ళీ తొక్కలేదు.

మా ఇళ్ళల్లో మాటల్లేకపోవడానికి ఒక పద్ధతుంది. పెళ్ళికీ చావుకీ ఒకే గదిలో కూర్చుంటాం. పక్కపక్కనే బంతిలో తింటాం. కాకపోతే ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడం. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మధ్యలో ఉన్న మనిషికి చెబుతాం, ఆ మనిషి అందుకుంటుంది. ఇందులో మాకు మంచి అలవాటుంది. మా అమ్మా మా పెద్దమ్మా పదకొండేళ్ళు అట్లాగే నెట్టుకొచ్చారు.

ఆ రోజు తొమ్మిదింటికి ముగ్గురం బండెక్కాం. నేను ముందు బెంచీ, అక్క వెనక బెంచీ, మధ్య దాంట్లో పిన్ని. పిన్నికి చక్కెర జబ్బు. ఒంటిగంటకల్లా నాలుగు ముద్దలు లోపల పడకపోతే చేతులు వణుకుతాయి, ఒకసారి గూడూరు బజార్లో పడిపోయింది కూడా. అందుకని నేను చపాతీలూ పెసరపప్పూ చేసుకొచ్చాను. అక్క సంచిలో మంచినీళ్ళూ, వణుకొస్తే నోట్లో వెయ్యాల్సిన గ్లూకోజు పొట్లాలూ. ఇద్దరం అన్నీ తేవచ్చు, లేదా ఒకరే అన్నీ తేవచ్చు. కానీ పిన్ని పంచింది, మేం ఒప్పుకున్నాం. పిన్ని ఫోను కూడా బరువంటే నా సంచిలోనే వేసుకున్నాను.

బండి కదలగానే మొదలైంది.

"పిన్నీ, ఆమెను కొంచెం జరగమను. తలకాయ అడ్డం," అన్నాను, వెనక్కి తిరిగి చూస్తూ.

"పిన్నీ, వెనక కుచ్చున్న తలకాయ ముందుండేవాళ్ళకు ఎట్ట అడ్డమో దాన్ని అడుగు," అంది అక్క.

డ్రైవరు గంట కొట్టాడు. స్పీకర్లో ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, ఇది చారిత్రక నగరం అని మొదలుపెట్టింది. నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడినట్టుంది. ముందున్న జంట ప్రతి మలుపుకీ ఫోను ఎత్తి మెట్రో తవ్వకాల రేకుల్ని కూడా ఫొటోలు తీస్తున్నారు. వాటిలో ఏం కనపడిందో వాళ్ళకు. పిన్ని మాత్రం పమిట నెత్తిన వేసుకుని రెండు పక్కలా చూస్తూ ఉంది. మౌంట్ రోడ్డు కనపడగానే "ఆడ సర్కిల్లో ఐస్క్రీం తిన్నాము, మీ అమ్మా నేనూ," అంది. నేనూ అక్కా ఇద్దరం ఒకేసారి "ఊఁ" అన్నాం. వెంటనే ఇద్దరం నోరు మూసుకున్నాం.

మ్యూజియంలో నేను పిన్నిని లోపలికి తీసుకెళ్ళాను, అక్క స్టాపులో కూర్చుంది. కోట దగ్గర అక్క తీసుకెళ్ళింది, నేను స్టాపులో కూర్చున్నాను. ఎవరూ ఒప్పందం చేసుకోలేదు, దానంతటదే అట్లా కుదిరింది. కోట దగ్గర స్టాపు రేకుల కింద కూర్చుని చెమటలు కారుస్తుంటే, లోపల అక్క పిన్నికి నా మీద ఏం నూరిపోస్తుందో అని అదే ధ్యాస. తిరిగొచ్చాక పిన్ని మొహం చూశాను. ఏమీ తెలియలేదు.

పదకొండు దాటాక లైట్‌హౌస్ దగ్గర ముగ్గురం దిగాం. అక్కడ పిన్నికి సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలని కోరిక. ఇసక దాటి నీళ్ళ దాకా పోవాలంటే చాలా దూరం. ఎండకి ఇసక పెనం మీద ఉన్నట్టుంది.

"పిన్నీ, చక్కెర ఉండే కాళ్ళు. బొబ్బలెక్కితే మానవు. వద్దని చెప్తా ఉండా," అంది అక్క.

"పిన్నీ, చెప్పులేసుకునే పోవచ్చు, నేను పట్టుకుంటా అని చెప్పు ఆమెకి. అన్నిటికీ తనే డాక్టరు అనుకుంటే ఎట్ట."

"పిన్నీ, నాలుగు నెలలు అమ్మ కాళ్ళకు మందు పూసింది ఎవరో దాన్ని అడుగు."

నా నోరు ఆగలేదు. "పిన్నీ, నాకు ఒక్క ఫోను చేసేదానికి మూడున్నర గంటలు ఎందుకు పట్టిందో ఆమెను అడుగు."

ఇద్దరి మధ్యలో నిలబడి ఉంది పిన్ని. నా మాట అక్కకు చెప్పలేదు, అక్క మాట నాకు చెప్పలేదు. ఒక చేత్తో నెత్తిన పమిట పట్టుకుని సముద్రం వైపే చూస్తూ ఉండిపోయింది. అక్క ఒక పక్కకూ నేను ఒక పక్కకూ నడిచాం. నేను వెళ్ళి స్టాపులో నిలబడ్డాను.

కాసేపటికి పిన్ని నా దగ్గరికి వచ్చింది. "నేను మీ అక్కతో లైట్‌హౌస్ ఎక్కుతానమ్మే. ఆడ లిఫ్టు ఉండాదంట. నువ్వు బండెక్కి మైలాపూరు పో. మేము తర్వాత బండికి వస్తాము, అందరం ఆడ తిందాం," అంది.

చెప్పొద్దూ, నాకు గుచ్చుకుంది. సరే, ఆమెతోనే ఊరేగు అనుకున్నాను. బండి వచ్చింది, ఎక్కాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మైలాపూరులో దిగేసరికి పన్నెండు. మాడవీధిలో పూలకొట్ల పక్కన స్టాపు. ఎదురుగా ఒక మెస్సులో కాఫీ తాగాను. ఆ ఏరియా నాకు పడదు. అక్క ఇల్లు అక్కడికి రెండు వీధులు. పూలమ్మే ఆవిడ ఎవరి కోసం చూస్తున్నావని అడిగితే, ఎవరి కోసం లేదన్నాను. పన్నెండూ నలభై అయ్యింది. చపాతీల సంచి ఒళ్ళో పెట్టుకుని స్టాపులోని బెంచీ మీద కూర్చున్నాను.

తర్వాతి బండి వచ్చింది. గంట మోగింది. ముందు ఇద్దరు తెల్లవాళ్ళు దిగారు, ఒక కుటుంబం దిగింది, ఆ వెనక మా అక్క దిగింది. ఒక్కతే.

అక్క నన్ను చూసింది. నా పక్కన ఖాళీగా ఉన్న బెంచీ చూసింది. పూలకొట్టు వైపు చూసింది, మెస్సు వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ తర్వాత స్టాపుకు అటు చివర, మూసున్న కొట్టు మెట్టు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పింది కాదు. పిన్ని లేదని ఆ క్షణమే నాకు తెలిసింది. అక్క ఆమెను ఎక్కడో వదిలేసి వచ్చిందని తెలిసింది. ముందు వచ్చింది భయం కాదు. సంతోషం. దొరికింది అనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ఎవరికి చెప్పినా "నాలుగు నెలలు చేసింది గదమ్మా, ఆమె బాధ ఆమెది" అనేవాళ్ళే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని బీచిలో వదిలేసి, బండెక్కి చల్లగా వచ్చింది. గూడూరు నుంచి చిత్తూరు దాకా ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుతాను, ఇదీ మీరు మెచ్చుకున్న మనిషి అని. ఎవరెవరికి చెప్పాలో వరస కూడా అనుకున్నాను. ముందు మేనమామ కూతురికి, అక్కడి నుంచి మిగతావాళ్ళకు దానంతటదే పాకుతుంది. తనంతట తను లేచి వచ్చి, పిన్ని తప్పిపోయిందే అని నా ముందు ఏడవాలి. అంతవరకూ నేను కదలను.

ఒంటిగంట అయ్యింది. చపాతీల డబ్బా నా ఒళ్ళోనే ఉంది. పిన్నికి వణుకొచ్చే వేళ అని తెలుసు. తెలిసి కూర్చున్నాను. అక్క అటు చివర నుంచి ఒకటి రెండుసార్లు నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను. పూలావిడ మూర మల్లెపూలు కొనమంది. కొన్నాను కూడా. అవి తలలో పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఒకటీ ఇరవైకి ఇంకో బండి వచ్చింది. ఆ బండిలో పిన్ని ఉంటుందని లోపల ఎక్కడో అనుకుంటున్నానేమో, దిగేవాళ్ళను ఒక్కొక్కర్నీ చూశాను. అక్క కూడా లేచి నిలబడి చూస్తోంది. ఆఖరి మనిషి దిగాడు. బెంచీలన్నీ ఖాళీ. డ్రైవరు గంట కొట్టాడు.

లేచి అక్క దగ్గరికి పోయాను.

"పిన్ని యాడ?"

నా నోట్లో మాట పూర్తి కాకముందే అక్క అంది. "నీతో రాలా?"

"నీతో లైట్‌హౌస్ ఎక్కుతానని చెప్పింది."

"నాకు నీతో బండెక్కి పోతానని చెప్పింది. నన్ను ఒంటిగా ఎక్కి చూసి రమ్మనింది."

ఎనిమిదేళ్ళ తర్వాత అదీ మా మాట. ఎదురుగా వచ్చిన ఆటోకి అడ్డం పడ్డాం. అతను అరవంలో తిట్టాడు, వెనక్కి తిరిగి మా మొహాలు చూసి తిట్టడం ఆపి, ఎక్కమన్నాడు.

ఆటోలో మేం చేసింది పోట్లాట కాదు, కొరుక్కోవడం. నువ్వు అడగొచ్చు గదా అంటే నువ్వు అడగొచ్చు గదా. పెద్దదానివి, నువ్వే రావాల. చిన్నదానివి, నీకంత పొగరెందుకు.

"నేను ఒంటిగా కుచ్చునుండేది చూసినావు గదా నువ్వు," అన్నాను.

"చూసినా. నేను ఒంటిగా దిగేది నువ్వు చూళ్ళా?"

"చూసినా."

లజ్ దగ్గర మెట్రో తవ్వకాలకి దారి మళ్ళించారు. ఆటో ఆగింది. ముందు లారీ, పక్కన లారీ. నాకు ఏడుపు, కోపం, ఏదేదో. నోటికి అడ్డం లేకుండా పాతదంతా తవ్వాను. ఆ మూడున్నర గంటలు ఏం చేస్తా ఉంటివి, ఇప్పుడు చెప్పు, మధ్యలో ఎవరూ లేరు, నాకే చెప్పు అన్నాను.

అక్క రోడ్డు వైపు చూస్తూ అంది. "చెయ్యి పట్టుకునుండా. అమ్మ పోయిందని నాకు తెలుసు. వదిల్తే చల్లబడతాదని వదల్లా. ఎవురికీ చెయ్యలా ఫోను. నీకు ఒక్కదానికే కాదు."

"నన్ను పిలిస్తే ఇంకో చెయ్యి నేను పట్టుకునేదాన్ని గదా."

"పట్టుకునేదానివే. పిలవబుద్ధి కాలా."

క్షమించమని అనలేదు. నేను క్షమించనూ లేదు. లారీ కదిలింది.

లైట్‌హౌస్ దగ్గర దిగి ఇద్దరం చెరొక వైపు పరిగెత్తబోయాం. అవసరం పడలేదు. స్టాపుకు సరిగ్గా ఎదురుగా, సర్వీసు రోడ్డు అవతల, పట్టా కప్పిన ఒక బజ్జీల బండి నీడలో పిన్ని కూర్చుని ఉంది. చేపల ట్రే ఒకటి తిరగేసి వేశారు కూర్చోవడానికి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఇసక అంటుకుని ఉన్నాయి. చేతిలో టీ గ్లాసు.

నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూలబడ్డాను. బజ్జీల బండావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. తెలుగు మనిషే.

"మీ మనిషేనా? ఇందాక చేతులు వొణకతా ఉన్నాయి ఆయమ్మకి. నేనే టీలో ఇంత చక్కెరేసి తాపించినా. ఎవురన్నా ఉండారా అంటే, ఉండారు, వస్తారు, వస్తారు అనే మాటే. ఏం మనుషులమ్మా మీరు," అంది.

సంచిలోంచి డబ్బా తీశాను. అక్క నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఒలకబోసింది.

పిన్ని తాపీగా అంది. "మీ ఇద్దరికీ అబద్ధం చెప్పింది నేనే. పొద్దుట్నించీ మీ నడమ కుచ్చుని నాకు ఊపిరాడలా. అరగంట ఒంటిగా ఉండి, కాళ్ళు తడుపుకోవాలనిపించింది. తడుపుకున్నా."

"చెప్పొచ్చు గదా పిన్నీ," అంది అక్క.

"ఎవురికి చెప్పేది? ఒకతికి చెప్తే ఇంకోదానికి రోషం." డబ్బా అందుకుని మూత తీసింది గానీ తినలేదు. నన్నూ అక్కనూ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. "నేను లేనని ఎప్పుడు తెలిసింది మీకు?"

నేను అక్క మొహం చూశాను. అక్క నా మొహం చూసింది.

"ఇప్పుడే పిన్నీ," అంది అక్క. "తెలవంగానే ఆటో ఎక్కినాము."

"అవును పిన్నీ. ఇప్పుడే," అన్నాను నేను.

పిన్ని తలూపింది. ఎదురుగా ఉన్న స్టాపు వైపు చెయ్యి చూపించింది.

"పెద్దదెక్కిన బండి పోయి గంట దాటింది. ఆడ్నించి ఈడికి ఆటోలో ఎంతసేపో నాకు తెలుసు, నేను పుట్టిన ఊరు ఇది. ఆడ మీరు ఎదురుపడతారు, పిన్ని యాడ అని ఒకర్నొకరు అడుగుతారు, అడగంగానే లేచి వస్తారు అనుకున్నా. అందుకే మీకు కనపడేటట్టు రోడ్డు తట్టు తిరిగి కుచ్చున్నా. ఆటో ఆగిన ప్రతిసారీ లేచి నిలబడినా." ఒక చపాతీ ముక్క తుంచింది. "అడుగుతారు అనుకున్నా," అని మళ్ళీ అంది.

పిన్ని డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ట్రే మీదే సముద్రం వైపుకు తిరిగి తినడం మొదలుపెట్టింది. అక్కా నేనూ పక్కపక్కన, ఆమె వీపు చూస్తూ ఎండలో నిలబడ్డాం.